ఒక్క ఓటుతో కూలిన ప్రభుత్వం
సభ్యుల నూరు కోర్కెల మధ్య ఆంధ్రకేసరి పదమూడు నెలల పాలన

ఒంగోలు: ఈ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టి అర్ధ శతాబ్దం దాటింది. 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టుకుంది. సైమన్ కమిషన్ వచ్చినప్పుడు 1928లో మద్రాసులో పోలీసు తుపాకులకు రొమ్ము చూపిన కథ మన పల్లెల్లో బడి పిల్లలకు కూడా తెలుసు. అయితే శాసనసభలో నాయకుడిగా ఆయన ఏ సభ్యునికి ఏమని సమాధానం చెప్పుకోవలసి వచ్చిందో, చివరికి ఏ విషయం మీద పదవి పోయిందో తెలిసినవారు తక్కువ.

వినోదరాయునిపాలెంలో 1872 ఆగస్టు 23న పుట్టిన ప్రకాశం గారు ఆంధ్రరాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఎనభై ఒక్క ఏళ్ళ వృద్ధుడు. అమరజీవి పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న ఆత్మార్పణ చేసిన మీదట, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం అవతరించింది. మద్రాసు శాసనసభకు 1952లో ఎన్నికైన ఆంధ్ర ప్రాంత సభ్యులే కొత్త రాష్ట్ర శాసనసభ్యులయ్యారు. అందరూ కలిసి 140 మంది. ఏ పార్టీకీ సొంతంగా మెజారిటీ లేదు. కాంగ్రెసు, కమ్యూనిస్టులు, ప్రజాసోషలిస్టులు, కృషికార్ లోక్ పార్టీ, స్వతంత్రులు - ఎవరి జెండా వారిది. ప్రకాశం గారు ప్రజాసోషలిస్టు పార్టీని వదిలి కాంగ్రెసు మద్దతుతో మంత్రివర్గం ఏర్పాటు చేశారు. నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి. తెన్నేటి విశ్వనాథం ఆర్థికమంత్రి.

రాజధాని తగాదా

మొదటి పేచీ రాష్ట్రం పుట్టక ముందే వచ్చింది. రాజధాని తమకు కావాలని రాయలసీమ సభ్యులు పట్టుబట్టారు. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక వారి చేతిలో ఉన్న ఆధారం. రాజధాని, హైకోర్టు - ఈ రెండింటిలో ఏది కావాలో ఎంచుకునే హక్కు సీమవారిదని పెద్దమనుషులు అందులో రాసుకున్నారు. విజయవాడ, గుంటూరు ప్రాంతమే అనువైనదని కోస్తాలో చాలామంది వాదం. కమ్యూనిస్టులదీ అదే మాట.

ప్రకాశం గారు కోస్తా మనిషి. అయినా కర్నూలు పక్షానే నిలబడ్డారు. పెద్దలు ఇచ్చిన మాట తప్పితే సీమవారు కలిసిరారన్నది అందులోని అంతరార్థం. కర్నూలులో కార్యాలయాలకు చాలినన్ని కట్టడాలు లేక గుడారాలు వేసి కచేరీలు నడిపారు. హైకోర్టు 1954లో గుంటూరులో వెలిసింది. అదే ఏడాది తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. ఇట్లా మూడు చోట్ల మూడు సంస్థలు పెట్టి ప్రాంతాల కోర్కెలకు జవాబు చెప్పినట్లయింది. అసంతృప్తి మాత్రం పూర్తిగా చల్లారలేదు.

ఆనకట్ట గండి

రెండవది నీటి గొడవ. విజయవాడ వద్ద కృష్ణపై 1850ల్లో తెల్లదొరలు కట్టిన ఆనకట్టకు 1952లో గండి పడింది. డెల్టా రైతుల గుండెల్లో రాయి పడింది. కొత్త బ్యారేజీ కట్టాలని ఆ ప్రాంత సభ్యులు గట్టిగా కోరారు. ఖజానా చూస్తే బోసిగా ఉంది. అయినా ప్రకాశం ప్రభుత్వం వెనుకాడలేదు. 1954లో పని మొదలై 1957లో పూర్తయింది. దానికి ఆయన పేరే పెట్టారు. పన్నెండు లక్షల ఎకరాలకు పైగా మాగాణి ఈ బ్యారేజీ మీద ఆధారపడింది. సభలో సభ్యులు మొరపెట్టుకుంటే పని జరిగిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

తాటిచెట్టు కింద చిక్కు

ప్రభుత్వాన్ని కూల్చింది మాత్రం రాజధానీ కాదు, నీరూ కాదు. కల్లు. ఉమ్మడి మద్రాసు రాష్ట్రం నుంచి మద్యనిషేధం ఆంధ్రకు వారసత్వంగా వచ్చింది. గాంధీ మహాత్ముని ఆశయం కనుక కాంగ్రెసువారికి అది ప్రాణపదం. కాని ఊరూరా మోకు, గీతకత్తి పట్టి బ్రతికే కుటుంబాలకు జీవనోపాధి పోయింది. చెట్టెక్కితే కేసు, ఎక్కకపోతే పస్తు. చాటుగా సారా కాచేవారు మాత్రం బాగుపడ్డారు. శ్రీకాకుళం జిల్లాకు చెందిన గౌతు లచ్చన్న గీత పనివారి పక్షాన గట్టిగా పోరాడారు. ఆబ్కారీ రాబడి పోయి ఖజానాకు కూడా లోటే.

ఈ ఒత్తిడి మీద మద్యనిషేధం అమలును పరిశీలించేందుకు రిటైరయిన ఐ.సి.ఎస్. అధికారి ఎస్.వి. రామమూర్తి అధ్యక్షతన ప్రభుత్వమే ఒక కమిటీ వేసింది. నిషేధం ఎత్తివేయాలని కమిటీ సిఫారసు చేసింది. ఇప్పుడు నాయకుడు ఇరుకున పడ్డారు. అమలు చేస్తే కాంగ్రెసువారికి కోపం. చేయకపోతే గీత పనివారి పక్షం వహించిన సభ్యులకు కోపం. సిఫారసును ప్రభుత్వం అమలు చేయలేదు. ప్రతిపక్షాలు అవిశ్వాస తీర్మానం తెచ్చాయి.

1954 నవంబరు 6న ఓట్లు లెక్కించారు. ఒకే ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం ఓడిపోయింది. పదమూడు నెలల పాలన అంతటితో సరి. అదే నెలలో రాష్ట్రపతి పాలన వచ్చింది. 1955 ఎన్నికల తరువాత బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు.

తోటివారి చేతిలో ఓటమి ప్రకాశం గారికి కొత్త కాదు. 1946 ఏప్రిల్‌లో ఆయన మద్రాసు రాష్ట్ర ప్రధాని అయ్యారు. ఫిర్కా అభివృద్ధి పథకం పెట్టారు. ఉత్పత్తిదారుల, వినియోగదారుల సహకార సంఘాలను ప్రోత్సహించారు. ఖద్దరు బ్రతకాలంటే మిల్లుల విస్తరణ ఆగాలన్నారు. అది గిట్టనివారు, ఆయన మొండితనం నచ్చనివారు ఏకమై 1947 మార్చిలో దించేశారు.

మిగిలిన ప్రశ్న

కల్లు, సారా ప్రశ్న ఆయనతో పోలేదు. మన పొరుగున నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు మొదలుపెట్టిన ఉద్యమం ఫలితంగా 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చి, 1997లో సడలిపోయింది. 1954లో శాసనసభ ముందున్న చిక్కే ప్రతిసారీ ఎదురైంది. తాగుడుతో ఇల్లు గుల్లయ్యే ఆడవారి కన్నీరు ఒకవైపు, గీత మీద బ్రతికేవారి కూడు ఇంకొకవైపు, ఖజానా లెక్క మూడోవైపు.

ముగ్గురినీ మెప్పించే జవాబు ప్రకాశం గారికీ దొరకలేదు. కమిటీ వేసి, ఆ కమిటీ చెప్పినది పక్కన పెట్టడం ఆయన ప్రభుత్వాన్ని దెబ్బ తీసింది. అడిగినవారికి కాదని చెప్పదలచుకుంటే ముందే చెప్పాలి, ఔనంటే చేసి చూపాలి. పంచాయతీ మొదలు శాసనసభ దాకా ఏ నాయకునికైనా ఇది వర్తిస్తుంది. ఒక్క ఓటు విలువ ఎంతో కూడా ఆ నవంబరు రోజే చెబుతోంది.

ప్రకాశం గారు 1957 మే 20న కన్నుమూశారు. లక్షలు ఆర్జించిన బారిష్టరు చివరికి చేతిలో ఏమీ మిగుల్చుకోలేదు. కృష్ణమీది బ్యారేజీ, ఈ జిల్లా పేరు ఆయనకు మిగిలిన ఆస్తి.