మంచుదేశమున పాత మియాటా

1989 ఫిబ్రవరిలో షికాగో మోటారు ప్రదర్శనమున జపాను దేశపు మాజ్దా సంస్థ ఒక చిన్న కారును లోకమునకు చూపినది. ఇద్దరు మాత్రమే కూర్చుండదగినది, పైకప్పును వెనుకకు మడిచిపెట్టుకొనదగినది, బరువు టన్నుకు లోపు, 1.6 లీటర్ల ఇంజను ముందుభాగమున నుండగా దాని శక్తి చేరునది వెనుక చక్రములకు. మియాటా యను పేర అమెరికాలో ప్రసిద్ధికెక్కిన యీ కారు 2016 నాటికి పది లక్షల సంఖ్యను దాటినది. తొలితరపు బండ్లలో పెక్కింటి వయసు ఇప్పుడు ముప్పదియేండ్లకు మించినది గనుక, స్పోర్ట్సు కారనగానే ధనవంతుల సొత్తని దూరముగా నిలిచిన మధ్యతరగతి ఉద్యోగి సైతము సెకండ్ హ్యాండులో దానిని కొనగలుగుచున్నాడు. డెట్రాయిటు పరిసరములందలి ట్రాయ్, నోవై, కాంటన్ పట్టణములలో కాపురముండి కార్ల కంపెనీలలో పనిచేయు తెలుగు ఇంజనీర్లు పెక్కుమంది కలరు. నవంబరు మొదలు మార్చి దాటువరకు మంచు కురియు ఆ మిషిగన్ సీమలో ఇట్టి కారు కొనదలచినవానిని ఇంటివారు మొదట అడుగునది, “ఇది మంచులో నడుచునా?” అని.

నిస్సంశయముగా నడుచును. 1968, 1969, 1970 సంవత్సరములలో వరుసగా మాంటీ కార్లో ర్యాలీని గెలిచినవి పోర్షే 911 స్పోర్ట్సు కార్లే. నడిశీతకాలమున, ఆల్ప్స్ పర్వతముల ఘాట్ రోడ్లపై, మంచుగడ్డలమీద జరుగు పందెమది. అయితే మంచుకంటె ముందుగా ఉప్పును గురించి విచారింపవలెనని నా దృఢమైన అభిప్రాయము.

డెట్రాయిటు నగరము క్రింద సుమారు 1,200 అడుగుల లోతున విశాలమైన ఉప్పుగని యొకటి కలదు. ఆ ప్రాంతపు రోడ్లపై శీతకాలమంతయు ఉప్పు చల్లుదురు. ఉప్పు కలిసిన నీరు సున్న డిగ్రీల వద్ద గడ్డకట్టదు గనుక రోడ్డుమీది మంచు కరగి త్రోవ తెరపియగును; మైనస్ 9 డిగ్రీలకు దిగువన సామాన్యలవణపు ప్రభావము మందగించుటచే కాల్షియం క్లోరైడును కూడ వాడుదురు. ఇది గాలిలోని తేమను తనలోనికి లాగుకొను స్వభావము గలది. అంటుకొన్న ఇనుమును తడి ఆరనీయదు. తుప్పు పట్టుట విద్యుద్రసాయన క్రియ. విద్యుత్తును చక్కగా ప్రసరింపజేయు ఉప్పునీరు ఆ క్రియను పెక్కు రెట్లు త్వరపరచును.

మియాటాకు తుప్పుపట్టు తావు దాదాపు ప్రతిబండిలోను ఒక్కటే. పైకప్పుపై పడిన వాననీరు దిగిపోవుటకై సీట్ల వెనుక, కుడియెడమల, ఒక్కొక్క రంధ్రము, దానినుండి వెనుక చక్రమునకు కొంచెము ముందుగా నేలవైపు తెరచుకొను గొట్టము అమర్చబడినవి. ఏండ్ల తరబడి ఎండుటాకులు, దుమ్ము చేరి ఆ రంధ్రము పూడిపోగా, నీరు తలుపు క్రింద చక్రమునుండి చక్రమువరకు సాగు బోలు ఇనుపభాగములోనికి, అనగా మెకానిక్కులు రాకర్ ప్యానెల్ అని పిలుచు దానిలోనికి చేరి నిలిచిపోవును. పైన రంగు నిగనిగలాడుచుండగనే లోపల ఇనుము, చెదతిన్న ద్వారబంధమువలె, గుల్లయైపోవును. అందుచేత కొనువాడు కారును లిఫ్టుపై ఎక్కించి, వెనుక చక్రమునకు ముందున్న ఆ మూలను బొటనవ్రేలితో గట్టిగా నొక్కి చూడవలెను. చిన్న అయస్కాంతమును ఆనించి చూడవలెను, ఏలయన తుప్పుతిన్న చోట లప్పముపెట్టి రంగువేసినచో అది అంటుకొనదు. అమ్మువాని అనుమతితో ఆ రంధ్రములో ఒక గ్లాసెడు నీరు పోసి, అడుగున ధారగా వెంటనే దిగుచున్నదో లేదో గమనించుట అన్నిటికంటె స్పష్టమైన పరీక్ష.

ఇంజను విషయమున ఇంత భయము వలదు. తొలితరపు మియాటాలలో టైమింగ్ బెల్టు తెగినను వాల్వులు పిస్టన్లకు తగిలి విరుగవు. బండి ఆగిపోవును, బెల్టు మార్చిన మరల నడుచును. చెడిన ఇంజనును బాగుచేయించుకొనవచ్చును, ఇంకొకటి తెచ్చి అమర్చుకొనవచ్చును. గుల్లబారిన శరీరమును కోసి అతుకుటకగు వ్యయము తరచు కారు వెలను మించును. అరిజోనావంటి ఎండసీమలనుండి వచ్చిన బండికి, దాని తోలు సీట్లు పగిలియున్నను, కొంత హెచ్చు వెల ఇచ్చుట మేలని నేను చెప్పుదును.

ఇక టైర్లు. స్పోర్ట్సు కార్లకు సాధారణముగా నుండు వేసవి టైర్ల రబ్బరు 7 డిగ్రీలకు దిగువన గట్టిపడి, మంచు లేని పొడిరోడ్డుపై సైతము పట్టు కోల్పోవును. శీతకాలపు టైర్ల రబ్బరు చలిలోను మెత్తగా నుండును. వాటి ముఖముపై సన్నని గాట్లనేకములుండి మంచును కరచి పట్టుకొనును. మూడు శిఖరముల కొండ, దాని నడుమ హిమరేఖల పువ్వు, ఇది వాటిపై నుండు గుర్తు. కెనడాలోని క్విబెక్ రాష్ట్రమున డిసెంబరు 1 నుండి మార్చి 15 వరకు ఇట్టి టైర్లు చట్టముచే నిర్బంధము. వెనుక రెండిటికి మాత్రమే వేసి సరిపెట్టుకొనుట ప్రమాదకరము: కదలుటకు వెనుక చక్రములు చాలును గాని, మలుపు తిరుగుటకు, ఆగుటకు ముందు చక్రములే ప్రధానము. నాలుగు చక్రములకు శక్తి చేరు పెద్దబండి వేసవి టైర్లపై తొందరగా కదలును. ఆగవలసినప్పుడు మాత్రము శీతకాలపు టైర్లుగల మియాటాయే ముందుగా ఆగును.

ఈ కారుకు నిజమైన హద్దు దాని పొట్ట ఎత్తు. నేలకు, అడుగుభాగమునకు నడుమ సుమారు 5 అంగుళములే యుండును. అంతకు మించి మంచు పేరిన వీధిలో బండి బరువు పొట్టమీద నిలిచి, చక్రములు వృథాగా తిరుగును. మంచును త్రోయు నాగళ్ల లారీలు వచ్చి రోడ్డు చిమ్మువరకు కారు తీయకుండుటయే యుక్తము.

మలుపులో బండి జారునేమోయన్న భయముతో యాక్సిలరేటరుపైనుండి కాలు దిగ్గున తీసినచో బరువు ముందుకు ఒరిగి, వెనుక చక్రములు తేలికయై పట్టుతప్పును. తొలితరపు మియాటాలో ఆ జారుటను దిద్దు ఎలక్ట్రానిక్ యంత్రమేదియు లేదు. కావున మలుపునకు ముందే వేగము తగ్గించుకొని, మలుపులో కాలిని నిలకడగా నుంచవలెను. జారినచో కంటిచూపును, స్టీరింగును పోవలసిన దిక్కునకే నిలుపవలెను.

పైకప్పునకు వెనుకనున్న ప్లాస్టిక్ అద్దము చలికి బిరుసెక్కి మడిచిన పగులును గనుక, ఎండ కాసినదని జనవరిలో కప్పు దించరాదు. ఉప్పు అంటిన కారును వేడిచేసిన గరాజులో పెట్టుట మేలని పలువురు తలంతురు. కాని గడ్డకట్టు చలిలో మందముగా నడచు తుప్పుక్రియ ఆ వెచ్చదనమున జోరందుకొనును. లోపల పెట్టదలచినవారు ముందుగా అడుగుభాగమును నీటిధారతో కడిగించవలెను. శరదృతువులోనే గొర్రెయున్ని మైనముతో చేసిన నూనెను బోలుభాగములలోనికి కొట్టించి, ఆకులు రాలుట ముగిసిన వెంటనే సీట్ల వెనుకనున్న ఆ రెండు రంధ్రములలోనికి మెత్తని తీగ పోనిచ్చి శుభ్రము చేయించినచో, ఆ యేటి శీతకాలమునకు కావలసిన సంరక్షణలో ముఖ్యభాగము తీరినట్లే.