క్యామ్ సెన్సర్‌లో కూర్చున్న హాల్

"కారు వేడెక్కితే ఆగిపోతోంది. సెల్ఫ్ కొడుతుంది గానీ స్టార్ట్ కాదు. గంటసేపు చల్లారనిస్తే ఏమీ జరగనట్టు కదులుతుంది. స్కానర్ పెడితే పి0340 అని వస్తోంది. క్యామ్ సెన్సర్ కొత్తది వేయించినా అదే వరస. ఎందుకు?" అని ఇచ్చోడ పాఠకుడొకరు అడిగారు. నేరడిగొండకూ గుడిహత్నూర్‌కూ నడుమ 44వ నంబరు జాతీయ రహదారి మీద, మండుటెండలో ఇది చిన్న కష్టం కాదు. ప్రశ్న మాత్రం భలే ఆసక్తికరమైనది.

ఈ సెన్సర్ పని రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేలోగా వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఒక్క చుట్టే తిరుగుతుంది. పిస్టన్ ఆ రెండు చుట్లలో రెండుసార్లు పైకొస్తుంది, ఒకసారి గాలిని అదమడానికి, ఇంకోసారి పొగను తోసెయ్యడానికి. క్రాంక్ సెన్సర్‌కు రెండూ ఒకటే. ఇది ఏ రాకో తేల్చేది క్యామ్ సెన్సర్.

ఎలా తేలుస్తుంది? చాలా కార్లలో ఆ నల్లటి ప్లాస్టిక్ ముక్కలో చిన్న అయస్కాంతం, దాని ముందు ఒక చిప్ ఉంటాయి. క్యామ్‌షాఫ్ట్ మీది ఇనుప పన్ను దగ్గరికి రాగానే చిప్ మీద అయస్కాంత క్షేత్రం మారుతుంది. ఆ మార్పును పసిగట్టే కిటుకు 1879 నాటిది.

విద్యుత్తు పారే తీగను అయస్కాంతం పక్కకు నెడుతుందని అప్పటికే తెలుసు. అయితే ఆ నెట్టుడు తీగ మీదే గానీ అందులోని విద్యుత్తు మీద కాదని మహామహుడు మాక్స్‌వెల్ తన 1873 గ్రంథంలో రాశారు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో చదువుతున్న 23 ఏళ్ల ఎడ్విన్ హాల్‌కు ఇది మింగుడు పడలేదు. విద్యుత్తు పారనప్పుడు తీగకు ఏ నెట్టుడూ లేదు కదా, మరి తీగ మీద పని చేస్తోందని ఎలా అంటాం? గురువు రోలాండ్ ఇదే అనుమానంతో అంతకు ముందే ప్రయత్నించి విఫలమయ్యారు. మందపాటి లోహం వదిలేసి, గాజు పలక మీద అతికించిన బంగారు రేకు వాడడంతో 1879 అక్టోబరులో హాల్‌కు ఫలితం దొరికింది. రేకు రెండు అంచుల మధ్య ఇసుమంత వోల్టేజీ కనిపించింది. మాక్స్‌వెల్ అదే ఏడాది నవంబరు 5న కన్నుమూశారు.

కేస్లాపూర్ నాగోబా జాతర దారిలో సాగే జనాన్ని ఎవరో ఒక అంచుకు నెడుతున్నారనుకోండి. ఆ అంచున కిక్కిరిసి, రెండో అంచు పలుచబడుతుంది. ఎలక్ట్రాన్లకూ అంతే. ఎలక్ట్రాన్ అనేది ఒకటుందని జె.జె. థామ్సన్ తేల్చింది 1897లో! హాల్ ఇనుముతో చేసి చూస్తే వోల్టేజీ తిరగబడింది. ఆ చిక్కు విడడానికి క్వాంటమ్ సిద్ధాంతం రావాల్సి వచ్చింది.

ఇంకో వింత కూడా ఉంది. మంచి వాహకం ఇక్కడ చెడ్డ సరుకు. లోహంలో ఎలక్ట్రాన్లు లెక్కకు మించి ఉంటాయి కాబట్టి అంత కరెంటు మోయడానికి నింపాదిగా కదిలితే చాలు. నింపాదిగా కదిలేవాటి మీద అయస్కాంతం నెట్టుడూ తక్కువే. అర్ధవాహకంలో అవి కొన్నే, అంచేత వడిగా పరుగెత్తాలి, వోల్టేజీ పెరుగుతుంది. దాన్ని ఇంకా పెంచి, 'ఉంది, లేదు' అనే రెండు మాటలుగా మార్చడం చిప్ వంతు. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగేటప్పుడు క్యామ్‌షాఫ్ట్ సెకనుకు 25 చుట్లు కొడుతుంది. చిప్‌కు అదేమంత కష్టం కాదు.

ఇక మరమ్మతు. పి0340 చెప్పేది 'క్యామ్ సెన్సర్ సర్క్యూట్‌లో లోపం' అని మాత్రమే. సెన్సర్ చచ్చిందని దానర్థం కాదు. కోడ్ చూడగానే సెన్సర్ మార్చెయ్యడం డబ్బు దండగ. మూడు తీగల సెన్సర్‌కు సప్లై, ఎర్త్, సిగ్నల్ ఉంటాయి. సప్లై వస్తోందా, ఎర్త్ గట్టిగా ఉందా, క్యామ్‌షాఫ్ట్ తిరిగేటప్పుడు సిగ్నల్ ఎక్కి దిగుతోందా అని మీటరుతో చూడాలి. కప్లర్‌లో పిన్ను వదులైందా, నూనె చేరిందా, ఎలుక తీగ కొరికిందా అన్నవీ చూడాలి. అవన్నీ బాగుంటే సాగిన టైమింగ్ చైన్‌ను అనుమానించాలి.

కొత్త సెన్సర్‌తోనూ తీరలేదంటే ఇచ్చోడ పాఠకుడు ముందు అనుమానించాల్సింది తీగలనూ కప్లర్‌నూ. వదులు పిన్ను, విరిగిన తీగ వేడికి సాగి విడిపోతాయి, చల్లారాక మళ్లీ తాకుతాయి. అందుకే బండి చల్లబడ్డాక షెడ్డుకు తీసుకెళ్తే మీటరు అన్నీ బాగున్నాయనే అంటుంది. ఇంజన్ ఆగిన ఆ వేడి మీదే పరీక్ష పెట్టించండి.