న్యూక్లియో బోర్డుకి పవర్ ఇచ్చే ముందు ఈ మూడు జంపర్లు చూడండి

అనకాపల్లిలో మా జూనియర్లు చెరకు తోట మోటార్‌ని ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే ప్రాజెక్ట్ చేస్తున్నారు. బోర్డు ఎస్‌టీఎం32 న్యూక్లియో ఎఫ్446ఆర్‌ఈ. "అన్నా, 12 వోల్టుల అడాప్టర్ పెట్టేయొచ్చా?" అని అడిగారు. పెట్టొచ్చు, కానీ ముందు జంపర్లు మార్చాలి. లేదంటే ల్యాప్‌టాప్‌కే దెబ్బ తగలొచ్చు.

జేపీ5: పవర్ ఎటు నుంచి రావాలో చెప్పేది ఇదే. 1-2 పిన్ల మీద ఉంటే యూఎస్‌బీ, 2-3 మీద ఉంటే బయటి సప్లై.

జేపీ1: ఇది పెట్టి ఉంటే యూఎస్‌బీ నుంచి 100 మిల్లీఆంపియర్లే. తీసేస్తే 300 వరకు. అది దాటితే బయటి సప్లై తప్పనిసరి.

జేపీ6: మైక్రోకంట్రోలర్‌కి కరెంట్ వెళ్లే దారి. తీసి అక్కడ అమ్మీటర్ పెడితే చిప్ ఎంత కరెంట్ వాడుతోందో తెలుస్తుంది. ఊరికే తీసేస్తే చిప్‌కి పవర్ ఉండదు.

వీఐఎన్ పిన్‌కి 7 నుంచి 12 వోల్టులు ఇవ్వొచ్చు. వోల్టేజ్ పెంచితే కరెంట్ ఎక్కువ వస్తుందనుకోకండి. 7 వోల్టుల దగ్గర 800 మిల్లీఆంపియర్లు వస్తే, 12 దగ్గర 250 మాత్రమే. అదనపు వోల్టేజ్‌ని రెగ్యులేటర్ వేడి రూపంలో వదిలేస్తుంది. జీఎస్‌ఎం మాడ్యూల్ అయితే సిగ్నల్ పంపే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగగలదు. దానికి వేరే సప్లై ఇచ్చి, గ్రౌండ్ మాత్రం కలపండి.

చివరిగా, వరస ముఖ్యం. జేపీ5ని 2-3కి మార్చి, జేపీ1 తీసేయండి. బయటి సప్లై ఆన్ చేయండి. ఎల్‌డీ3 లైటు వెలిగాకే యూఎస్‌బీ కేబుల్ పెట్టండి. ముందే పెడితే లోడంతా ల్యాప్‌టాప్ పోర్టు మీద పడే ప్రమాదం ఉంది.