ఒకటే బెర్తు, ఇద్దరు ప్రయాణికులు

సికిందరాబాదు స్టేషనులో ఒక ప్రయాణికుడు ఢిల్లీ నుంచి కోల్‌కతా వెళ్ళే రైలుకు బెర్తు కోరాడనుకోండి. అదే క్షణాన ముంబయి కౌంటరు ముందు నిలబడిన మరొకరు అదే రైలుకు, అదే తేదీకి టిక్కెట్టు అడిగారు. మిగిలినది ఒకటే బెర్తు. అది ఎవరికి దక్కాలి?

పూర్వం ఈ చిక్కును లావుపాటి రిజిస్టరు తీర్చేది. పుస్తకం ఒకటే కనుక పేరు రెండుసార్లు ఎక్కే అవకాశం తక్కువ. 1985లో ఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషను మొదలైంది. 1994లో ‘కాన్సర్ట్’ అనే కొత్త ఏర్పాటును తొలిసారిగా సికిందరాబాదులో నెలకొల్పారు. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికిందరాబాదు కేంద్రాలు ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి. ఏ ఊరినుంచైనా ఏ రైలుకైనా టిక్కెట్టు కొనే వీలు కలిగింది.

అయితే వసతితోపాటు కొత్త ప్రమాదమూ వచ్చింది. కౌంటరు నుంచి వెళ్ళిన విన్నపానికి జవాబు రాలేదు. కారణమేమిటి? విన్నపమే దారిలో పోయిందా? లేక అక్కడ బెర్తు కేటాయించిన తరువాత జవాబు పోయిందా? ఇక్కడ ఉన్నవారికి రెండూ ఒకే మౌనం!

ఈ చిక్కును అమెరికా శాస్త్రవేత్త జిమ్ గ్రే 1978లో ఒక కథగా చెప్పాడు. ఇద్దరు సేనానులు ఒక కొండను పట్టుకోవాలి. ఇద్దరూ ఒకేసారి దాడి చేస్తేనే జయం. కాని వార్తాహరుడు దారిలో పట్టుబడవచ్చు. వార్త అందినదని తెలపడానికి మరొక వార్త, అది అందినదని ఇంకొకటి! ఎందరిని పంపినా సంపూర్ణమైన నిశ్చయం కలగదు.

మరి ఉపాయమేమిటి? ఇంజనీర్లు కొన్ని కట్టుబాట్లు ఏర్పరచుకున్నారు. ఒక రైలు లెక్కకు ఒకే కేంద్రం యజమాని. జవాబు చెప్పకముందే నిర్ణయాన్ని చెరగని చోట రాసుకోవాలి. కరెంటు పోయినా ఆ రాత మిగులుతుంది. ప్రతి విన్నపానికీ ఒక సంఖ్య ఉండాలి. అదే విన్నపం మళ్ళీ వస్తే కొత్త బెర్తు ఇవ్వక, పాత జవాబునే తిరిగి చెప్పాలి. సొమ్ము జమ, బెర్తు కేటాయింపు రెండూ జరగాలి, లేదా రెండూ జరగకూడదు.

దీనికి మూల్యం లేకపోలేదు. తీగ తెగినప్పుడు యంత్రం ఊహించి టిక్కెట్టు ఇవ్వదు; ‘ఆగండి’ అంటుంది. క్యూలో నిలబడినవారికి విసుగు కలుగుతుంది. కాని రాత్రివేళ కుటుంబంతో రైలెక్కిన మనిషికి తన బెర్తుమీద మరొకరు పడుకొని కనిపించడంకంటే అది మేలు కాదా?

ఎన్నడూ చెడిపోని యంత్రం లేదు. చెడిపోయినా అబద్ధం చెప్పనిదే నమ్మదగిన యంత్రం.