బుట్టలో ఏముందో రాస్తేనే ధరకు విలువ

కంకిపాడు, పెనమలూరు, తోట్లవల్లూరు వైపు కూరగాయలు వేసే చిన్న రైతుకు విజయవాడ బెంజ్ సర్కిల్ దూరమేమీ కాదు. ఆ చుట్టుపక్కల పటమట, మొగల్రాజపురం అపార్టుమెంట్లకు వారం వారం కూరల బుట్ట పంపి, నెల డబ్బు ముందే కట్టించుకోవచ్చు. దీన్నే సభ్యత్వ పద్ధతి అంటారు. జపాన్‌లో 1970 దశకంలో, అమెరికాలో 1986లో రైతులూ పట్నవాసులూ కలిసి ఇలాంటివి మొదలుపెట్టారు. దళారీ ఉండడు, పెట్టుబడికి డబ్బు ముందే చేతికొస్తుంది.

చిక్కంతా రాతలోనే ఉంది. నలుగురు రైతులు కలిసి మూడు రకాల బుట్టలు పెడతారు. కరపత్రంలోనో, వాట్సాప్‌లోనో, వెబ్‌సైటులోనో 'సాధారణం, మేలు రకం, ప్రత్యేకం' అని రాసి ఊరుకుంటారు. మేలు దేంట్లోనో, ప్రత్యేకం ఏమిటో చదివేవాళ్లకు తెలియదు. తెలియని దానికి ఎక్కువ డబ్బు ఎవరు పెడతారు? చవక బుట్ట అడుగుతారు, లేదంటే అసలే మానేస్తారు.

పాల ప్యాకెట్టు చూడండి

టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, స్టాండర్డ్ పాలలో 4.5 శాతం, ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం ఉండాలి. ప్యాకెట్టు మీద రకం రాసి ఉంటుంది కనుక, ధర ఎందుకు పెరిగిందో కొనేవాళ్లు అడగరు. పాల కేంద్రంలో మనకూ వెన్నను బట్టే కదా డబ్బులిచ్చేది! బుట్టకూ అదే లెక్క. ధర పెరిగిన ప్రతిచోటా ఏం పెరిగిందో కంటికి కనపడాలి.

ఇలా రాయండి

చిన్న బుట్ట: ఇద్దరు ముగ్గురున్న ఇంటికి. వారానికి 4 కిలోల కూరలు, 3 కట్టల ఆకుకూర. నెలకు రూ.800.

పెద్ద బుట్ట: నలుగురైదుగురున్న ఇంటికి. వారానికి 7 కిలోల కూరలు, 6 కట్టల ఆకుకూర. నెలకు రూ.1,350.

పండ్ల బుట్ట: పెద్ద బుట్టలో ఉన్నవన్నీ, వారానికో డజను అరటిపండ్లు, నెలకు పావుకిలో పసుపు. నెలకు రూ.1,600.

ఈ ధరలు ఉదాహరణకే. కోత కూలి, ఆటో కిరాయి, తరుగు కలుపుకుని మీ లెక్క మీరు కట్టుకోవాలి. నెలకు నాలుగు బుట్టలా, అయిదా అన్నది కూడా ముందే తేల్చి రాయండి. ఏ రోజు, ఎన్నింటికి తెస్తారో, కూర ఎప్పుడు కోసిందో కూడా చేర్చండి. 'నిన్న సాయంత్రం కోసినవి' అన్న ఒక్క మాట 'తాజా' అని పదిసార్లు రాసినదానికన్నా బాగా పనిచేస్తుంది.

నిలబెట్టుకోలేని మాట వద్దు

పి.జి.ఎస్. లేదా ఎన్.పి.ఓ.పి. ధ్రువపత్రం లేనిదే 'సేంద్రియ' అని రాయకండి. అది లేకపోతే చేసిన పనే చెప్పండి: 'జీవామృతం వాడాం, వేపనూనె కొట్టాం'. వాడినవన్నీ రాయాలి సుమా. ఒకటి దాచితే నమ్మకం పోతుంది, నమ్మకం పోతే సభ్యత్వం పోతుంది.

పంట పోతే ఏం చేస్తారో కూడా రాయాలి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది, లంక పొలాలు మునిగాయి. అలాంటి వారం బుట్ట ఎక్కడినుంచి వస్తుంది? 'వరదకో, తుపానుకో పంట పోతే ఆ వారం డబ్బు వచ్చే నెలలో తగ్గిస్తాం' అని ముందే రాసి ఉంటే తగాదా రాదు. ఆ మాట రాసే ముందు అంత డబ్బు పక్కన పెట్టుకోగలరో లేదో చూసుకోండి.

రాసింది అచ్చు వేయించే ముందు, ఈ సంగతి తెలియని ఒక ఇల్లాలికి చదివి వినిపించండి. ఏ బుట్ట తీసుకుంటారో, ఎందుకో అడగండి. ఆమె తడుముకోకుండా చెప్పగలిగితే రాత కుదిరినట్టే. లేకపోతే మళ్లీ రాయండి. కాగితం ఖర్చే కదా!