అడుగకయే వచ్చిన గురువులు

దానములన్నిటిలో విద్యాదానము మిన్న యని మన పెద్దలు చెప్పుదురు. అన్నము పెట్టినచో నొకపూట యాకలి తీరును. విద్య నేర్పినచో నది జీవితాంతము తోడుండును. అయినను విద్యాదాతలందరు నొక్క తీరువారు కారు. ఓనమాలు దిద్దించువారు పెక్కుమంది గలరు. తాము ఏండ్లతరబడి శ్రమించి సంపాదించిన వృత్తిరహస్యమును, రేపు తమకే పోటీగా రాగల క్రొత్తవారికి ప్రతిఫలాపేక్ష లేక చెప్పువారు మాత్ర మరుదు. అట్టివారు సినిమా కథలు వ్రాయువారిలో నున్నారనినచో సోదరీమణులలో గొందరు నమ్మకపోవచ్చును. సినిమా యనగానే డబ్బును, ఆర్భాటమును మనకు స్ఫురించును గదా! కావున అమెరికాదేశమున జరిగిన యొక వృత్తాంతమును మా పాఠకురాండ్రకు వివరింపదలచితిమి.

కాలిఫోర్నియా రాష్ట్రమునందలి లాస్ ఏంజిలిస్ నగరములో హాలీవుడ్డున్నట్లే వాట్స్ అను పేటయు గలదు. 1965 నాటికి అందు నివసించువారిలో నధికసంఖ్యాకులు నల్లజాతివారు. పనులు దొరకక, పోలీసులచే నవమానములు పొందుచు వారు చిరకాలము క్రుంగియుండిరి. ఆ యేడు ఆగస్టు నెలలో ఆ బాధ పెల్లుబికి ఆరుదినములు ఘోరమైన కల్లోలము చెలరేగెను. 34 మంది మృతినొందిరి. అంగళ్లును, భవనములును తగులబడెను.

ఆ సమయమున బడ్ షుల్‌బర్గ్ అను సినిమా రచయిత వాట్స్ పేటకు వెళ్లెను. ఆయన సామాన్యుడు కాడు. 1954లో వెలువడిన 'ఆన్ ది వాటర్‌ఫ్రంట్' అను చిత్రమునకు కథ వ్రాసి ఆస్కారు బహుమానమందినవాడు. కాలిన గోడలను జూచి జాలిపడి తిరిగివచ్చుటకు మారుగా, అచ్చట నొక సేవాసంఘమువారి భవనములో, వ్రాయగోరువారికి నేర్పెదనని ప్రకటన యంటించి కూర్చుండెను. కొన్ని వారములవరకు ఒక్కరును రాలేదు. హాలీవుడ్డునుండి వచ్చిన తెల్లవానికి తమతో నేమి పని యని యచ్చటివారు శంకించుట సహజమే గదా! ఆయన విసుగక వచ్చి కూర్చుండుచునే యుండెను. తుదకొక యువకుడు వచ్చెను. పిదప మరికొందరు వచ్చిరి. అట్లు 'వాట్స్ రచనాశాల' యేర్పడెను. 1966లో అందలి రచయితల కవితలను టెలివిజనులో దేశమంతయు వినెను. 1967లో వారి రచనలు పుస్తకరూపమున వెలువడెను. మన భారతమునందు ఏకలవ్యుడు గురువును వెదకికొనుచు పోయి నిరాకరింపబడెను. ఇచ్చట గురువే వెదకికొనుచు వచ్చి శిష్యులకొరకు వేచియుండెను!

ఈ ప్రయత్న మొక్క షుల్‌బర్గుతోనే యాగలేదు. సినిమా, టెలివిజను రచయితల సంఘమగు రైటర్స్ గిల్డువారును 'ఓపెన్ డోర్', అనగా 'తెరచిన తలుపు', అను పేర నొక శిక్షణమును నడపిరి. నల్లజాతివారికిని, మెక్సికను మున్నగు లాటిన్ జాతులవారికిని అది యుద్దేశింపబడినది. 1969లో ఆ తలుపులో నడుగిడిన యొక యువతి చరిత్రము స్త్రీలమగు మనకు మిక్కిలి తెలిసికొనదగినది.

ఆమె పేరు ఆక్టేవియా బట్లర్. 1947లో పాసడీనా పట్టణమున జన్మించెను. తండ్రి బూట్లకు పాలిషుచేసి జీవించువాడు. ఆమె పసితనముననే గతించెను. తల్లి పరుల యిండ్లలో పనిచేయుచు ఆమెను పెంచెను. ఆ తల్లికి చదువు కొద్ది. అయినను పనిచేయు నిండ్లవారు పారవేసిన పుస్తకములను ఏరి బిడ్డకు దెచ్చియిచ్చుచుండెడిది. బిడ్డకు పదియేండ్ల ప్రాయమున నొక టైపుమిషనుగూడ కొనిపెట్టెను! ఆ బాలిక మిక్కిలి బిడియస్థురాలు. అక్షరములు తడబడు దోషముగూడ గలది. నల్లజాతివారు రచయితలు కాలేరని ఆమె పినతల్లియే ప్రేమతో హెచ్చరించెనట. పండ్రెండవయేట నొక నాసిరకపు చిత్రమును టెలివిజనులో జూచి, ఇంతకంటె మేలైన కథను తానే వ్రాయగలనని యామె పూనుకొనెను.

ఓపెన్ డోరులో ఆమెకు గురువుగా దొరకినవాడు హార్లన్ ఎల్లిసన్. 'స్టార్ ట్రెక్' అను టెలివిజను కథామాలికకు ఆయన వ్రాసిన యొక కథ గిల్డువారి బహుమానము నందినది. ఆయన ఆక్టేవియా వ్రాతను జూచి రెండు సంగతులు గ్రహించెను. సినిమాకథ యామెకు గుదురదు. కాని కథలును, నవలలును వ్రాయుశక్తి యామెయందు మెండుగా గలదు. సినిమాకథ వ్రాయు పద్ధతి వేరు. అందు కంటికి గనబడునదియు, చెవికి వినబడునదియు మాత్రమే యుండవలెను. పుట కించుమించుగా నొక నిమిషము చొప్పున కథ నడవవలెను. మనస్సులోని యాలోచనను నవలలో పదిపుటలు వ్రాయవచ్చును. సినిమాకథలో నది యొక చూపుగనో, ఒక మాటగనో మారవలసినదే.

ఇచ్చటనే గురువుయొక్క యోగ్యత తెలియును. శిష్యురాలిని తన మూసలో పోయుట కెల్లిసన్ వంటి వానికి సులభమే. ఆయన యట్లు చేయక, 1970లో పెన్సిల్వేనియా రాష్ట్రమున జరుగు క్లేరియన్ శిక్షణమునకు బొమ్మని ప్రోత్సహించి, కొంత సొమ్ముగూడ నిచ్చెను. అది విజ్ఞానకల్పనా కథలు వ్రాయువారికొరకు ఆరువారములు జరుగునది. అచ్చట నామె తొలిసారిగా తన కథలను విక్రయించెను.

ఇంతటితో కష్టములు తీరెనని సోదరీమణులు తలంపరాదు. తరువాత నైదేండ్లవర కామె వ్రాసినదేదియు నమ్ముడుపోలేదు. గిన్నెలు కడుగుట, టెలిఫోనులో సరుకులు విక్రయించుట, ఆలుగడ్డ చిప్సులను పరీక్షించుట మున్నగు పనులు చేయుచు, తెల్లవారుజామున రెండుగంటలకు లేచి వ్రాసికొనుచుండెడిది. 1976లో తొలి నవల ప్రకటితమయ్యెను. 1979లో వెలువడిన 'కిండ్రెడ్' ఆమెకు కీర్తి దెచ్చెను. నేటికాలపు నల్లజాతి స్త్రీ వెనుకటి బానిసకాలములోనికి పోయి చిక్కుకొనుట అందలి కథ. 1995లో ఆమెకు మెకార్థర్ సంస్థవారి గౌరవవేతనము లభించెను. విజ్ఞానకల్పనా రచయితలలో దానిని మొట్టమొదట నందినది ఆమెయే. 2006లో ఆమె పరమపదించెను.

గురువు చేసినదెంత, శిష్యురాలు చేసినదెంత యని విచారించినచో, శ్రమయంతయు నామెదే. కాని యామె శక్తి యెచ్చట నున్నదో నిజముగా చదివి చెప్పిన మనుష్యుడు ఆ క్షణమున లేకున్నచో, ఆ శ్రమ తనకు దగని దారిలోనే వ్యయమయ్యెడిదేమో! ముఖస్తుతి యిందుకు బనికిరాదు. కఠినమైన నిందయు బనికిరాదు. శ్రద్ధగా చదువుటయు, ఉన్నదున్నట్లు చెప్పుటయు కావలెను. వృత్తిలో నారితేరినవానికి గడియ యొక్కంటి విలువ యెంతయో మన మెరుగుదుము. దానిని పరులకై వెచ్చించుటయే యిందలి దానము. ఈ యాచార మిప్పటికిని ఫలించినది. గిల్డు రచయితల ధర్మసంస్థవారు 2010లో, సైన్యమునుండి విరమించినవారికి కథారచన నేర్పు పనిని ప్రారంభించిరి. యుద్ధములు చూచివచ్చినవారిని చిన్నచిన్న జట్లుగా గూర్చుండబెట్టి, వృత్తిరచయితలు వారి వ్రాతలను దిద్దుచు వచ్చిరి.

ఇది సినిమావారి సంగతి, మనకేల యని యెవరైన ననవచ్చును. మన యిండ్లలో నోటుపుస్తకము చివరిపుటలలో నేదో వ్రాసి దాచుకొను బాలికలు లేరా? వంటపని ముగిసినపిదప వ్రాసి, అత్తగారు చూతురేమోయని పెట్టె యడుగున నుంచు కోడండ్రు లేరా? మనము ఎల్లిసన్‌లము కాకపోవచ్చును. ఆ తల్లివలె పుస్తకమొకటి తెచ్చియిచ్చుట మనకు సాధ్యమే. మనకు వచ్చిన కుట్టుపనిగాని, సంగీతముగాని, పద్యముగాని పొరుగింటి పిల్లకు వారమునకొక గంట నేర్పుటయు సాధ్యమే. పిల్ల యడుగునని వేచియుండవలదు. బిడియము గలది యడుగదు. షుల్‌బర్గువలె మనమే ముందుగా పోయి కూర్చుండవలెనని మా మనవి.