నడిసంద్రంలో తాడు ధరెంత?

ఇంజిన్ ఆగి కొట్టుకుపోతున్న బోటుకు, దగ్గరికొచ్చే టగ్ దేవుడిలా కనిపిస్తుంది. కానీ తాడు అందుకునే ముందు యజమాని అడిగి తీరాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇది టోయింగా, సాల్వేజా?

వెయ్యి పౌండ్ల బేరం

బ్రిటన్‌లోని హోలీహెడ్ రేవు. గాలివానకు లంగరు నిలవక ‘పోర్ట్ కలెడోనియా’ అనే ఓడ పక్కనున్న ‘అన్నా’ మీదికి జరిగిపోతోంది. సాయానికి వచ్చిన టగ్ మాస్టర్ వెయ్యి పౌండ్లు ఇస్తేనే తాడు అందిస్తానన్నాడు. కెప్టెన్ ఒప్పుకోక ఏం చేస్తాడు? 1903లో ఆ కేసు విన్న న్యాయస్థానం ఒప్పందాన్ని కొట్టేసి, 200 పౌండ్లు చాలంది.

ఆపదలో ఉన్నవాడి భయాన్ని సొమ్ము చేసుకునే ఒప్పందం చెల్లదన్న ఈ న్యాయం 1989 నాటి అంతర్జాతీయ సాల్వేజ్ ఒప్పందంలోనూ ఉంది. దానిలో మన దేశమూ భాగస్వామే.

రెండు పనులు, రెండు లెక్కలు

ముప్పేమీ లేని చోట బోటును రేవుకు లాక్కెళ్తే అది టోయింగ్. గంటకింత అనో, మొత్తానికింత అనో ముందే మాట్లాడుకోవచ్చు. బోటు రాళ్ల మీదికి పోతుంటే, నీళ్లు నిండుతుంటే, నిప్పంటుకుంటే అది సాల్వేజ్. అక్కడ 1908 నుంచి వాడుకలో ఉన్న లాయిడ్స్ ఓపెన్ ఫారమ్ అనే ప్రామాణిక సాల్వేజ్ ఒప్పందానిది ఒకటే సూత్రం: ఆస్తి దక్కకపోతే పైసా ఇవ్వక్కర్లేదు. దక్కితే దాని విలువ, ముప్పు తీవ్రత, కాపాడినవాళ్ల నేర్పు, వాళ్లు పడ్డ ప్రమాదం చూసి ప్రతిఫలం తర్వాత తేలుస్తారు. అది దక్కిన ఆస్తి విలువను దాటకూడదు.

ఈ ప్రతిఫలం పెద్దదే. పెద్దదిగా ఉండటమూ న్యాయమే. ఎప్పుడో వచ్చే పిలుపు కోసం టగ్‌నీ, సిబ్బందినీ సిద్ధంగా ఉంచి, తుపానులోకి వెళ్లి, ఖాళీ చేతులతో తిరిగొచ్చే రోజులూ వాళ్లకు ఉంటాయి.

గంటలు తినేసిన బేరం

బేరం రెండువైపులా పదునే. 1978 మార్చి 16న ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరం దగ్గర ‘అమోకో కాడిజ్’ ట్యాంకర్ చుక్కాని యంత్రం చెడింది. ‘పసిఫిక్’ అనే టగ్ వచ్చింది. సాల్వేజా, టోయింగ్ రేటా అన్న తర్జనభర్జన గంటల తరబడి సాగింది. తాడు తెగింది. రాత్రికి ఓడ రాళ్లకెక్కింది. 2 లక్షల టన్నులకు పైగా ముడిచమురు సముద్రం పాలైంది. చుక్కాని యంత్రం నిర్వహణలో యాజమాన్యం నిర్లక్ష్యాన్ని షికాగో కోర్టు తర్వాత తప్పుపట్టింది. కాలుష్యాన్ని ఆపడానికి శ్రమించిన వారికి, ఓడ దక్కకపోయినా ఖర్చులివ్వాలన్న నిబంధన 1989 ఒప్పందంలో చేరింది.

ప్రాణానికి బిల్లు లేదు

మనుషుల్ని కాపాడటం బేరానికి అతీతం. తన నౌకకూ, అందులోని వారికీ పెనుముప్పు లేనంతవరకు ప్రతి కెప్టెన్ ఆ పని చేసి తీరాలి. బతికి బయటపడ్డవారు దానికి రుసుము చెల్లించక్కర్లేదు. మన తీరంలో ఆపద వస్తే కోస్ట్‌గార్డ్ నంబరు 1554.

ఒడ్డునే తేల్చుకోండి

అత్యవసరంలో సాల్వేజ్ ఒప్పందంపై కెప్టెన్ చేసే సంతకం యజమాని చేసినట్టే. కాబట్టి ఏ ధరకు, ఏ షరతుకు ఒప్పుకోవచ్చో అతనికి ముందే చెప్పండి. బీమా పాలసీలో టోయింగ్, సాల్వేజ్ రెండూ ఉన్నాయో లేదో చూడండి. టగ్ వచ్చినప్పుడు వ్యవధి ఉంటే ధరను రాతలో తీసుకోండి, లేదా రేడియోలో నలుగురూ వినేలా చెప్పించండి. సాయం అక్కర్లేకపోతే స్పష్టంగా వద్దనండి. ప్రాణం మీదికొస్తే మాత్రం బేరమాడకండి. ముందు తాడు అందుకోండి. ధర అన్యాయమైతే ఒడ్డున న్యాయస్థానం ఉంది.